పొయ్యి దగ్గర నోరు విప్పడం

మా అవ్వ, అంటే మా అమ్మ, పొయ్యి దగ్గర మాట్లాడనిచ్చేది కాదు. మాట్లాడితే తుంపర్లు పడి తిండి ఎంగిలవుతుందని ఆమె నమ్మకం. చిన్నప్పుడు కూర కలుపుతూ నోరు తెరిస్తే గంటె కాడతో చేతి మీద ఒకటి వేసేది. అందుకే నలభై దాటినా నాకు వంటంటే నోరు మూసుకుని చేసే పనే.

నస్పూర్‌లో మా రెండు గదుల ఇంట్లో ఇప్పుడు అవ్వా నేనే ఉంటాం. షుగర్ ఆమె చూపును కొంచెం కొంచెంగా తినేసింది. అయినా తడుముకుంటూ వండేది. ఒకరోజు కొంగుకు మంట అంటుకుంది. పక్కనే ఉన్నాను కాబట్టి ఆర్పగలిగాను. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఇక వంటింటి గడప తొక్కితే ఊరుకోనని అరిచాను. ఆ రోజు నుంచి నా వంట కాగానే లైటర్‌ను బీరువాలో పెట్టి తాళం వేసేదాన్ని. ఆమె రెండేళ్లు ముందుగదిలో మంచం మీదే కూర్చుంది. ముద్దలు తగ్గాయి, మాటలు తగ్గాయి. వయసు మీద పడుతోందిలే అనుకున్నాను.

ఆ రోజుల్లోనే, బయటి రాష్ట్రాల ఇంజినీర్లు దిగే ఒక గెస్ట్‌హౌస్‌లో వంటమనిషి కావాలన్నారు. ఏం వండుతున్నామో ఇంగ్లీషులో చెప్పగలగాలట. పదో తరగతి తప్పిన నాకు ఇంగ్లీషా! అయినా మంచిర్యాలలో ఆడవాళ్లకు నేర్పే ఒక చోట చేరాను. అక్కడి మేడం ఒక జిరాక్స్ కాగితం చేతిలో పెట్టి, ఇంట్లో ఏ పని చేస్తుంటే ఆ వాక్యం పైకి చెప్పమంది. లోపల గొణిగితే రాదంది.

మొదటి రోజు తలుపు దగ్గరికి వేసి, బియ్యం కడుగుతూ, దొంగతనం చేస్తున్నట్టు "ఐ యామ్ వాషింగ్ ది రైస్" అన్నాను. ఎవరితో మాట్లాడుతున్నావని అవ్వ మంచం మీది నుంచి అడిగింది. ఇక ఎంగిలి సంగతి ఎత్తుతుందని నేనే ముందు మండిపడ్డాను. నౌకరి కోసం, జర ఊకో అన్నాను.

నాలుగో రోజు ఉల్లిగడ్డలు కోస్తూ "ఐ యామ్ కటింగ్ ది ఆనియన్స్" అన్నానో లేదో, కటింగ్ అంటే కోసుడా అని దగ్గరి నుంచే వినిపించింది. గోడ పట్టుకుని వచ్చి గడప అవతల కూర్చుని ఉంది. కాళ్లు మాత్రం లోపలికి పెట్టలేదు. కత్తి చప్పుడును బట్టి పోల్చుకుందట. ఆ తర్వాత రోజూ అక్కడే. నూనె వేడి చేస్తున్నానంటే తల ఊపేది. ఉప్పు వేస్తున్నానంటే, పప్పు మెదగకముందే ఉప్పేమిటని తప్పు పట్టేది. ఆ వారం అన్నం మళ్లీ అడిగి పెట్టించుకుంది.

ఒక సాయంత్రం నేనేదో పరేషాన్‌లో ఉండి, మాట్లాడకుండా తాళింపు పెడుతున్నాను. ఏం చేస్తున్నావో చెప్పవేమని అడిగింది. నేను గంటె తిప్పుతూనే ఉన్నాను. ఆమె గడప పట్టుకుని ముందుకు వంగింది.

"రెండేండ్ల సంది గీ ఇంట్ల ఏం ఉడుకుతుందో నాకు వాసనతోనే ఎరుకైతుంది బిడ్డా. నా చేతిల గంటె గుంజుకున్నవ్, సరే. ముచ్చట సుత చెప్పకపోతివి."

"పొయ్యికాడ మాట్లాడొద్దని నువ్వే చెప్తివి గదా అవ్వా."

"చెప్పిన. కండ్లున్ననాడు చెప్పిన."

తాళింపు మాడిపోయింది. స్టవ్ బంద్ చేసి వెళ్లి ఆమె పక్కన కూర్చుని ఏడ్చాను. మంట నుంచి కాపాడానని రెండేళ్లు నన్ను నేనే మెచ్చుకున్నాను. మంచం మీద ఆమెకు పొద్దెట్లా పోతోందో ఒక్కసారీ అడగలేదు. చెప్పలేనంత సిగ్గేసింది.

గెస్ట్‌హౌస్‌లో వండుతూ ఇంగ్లీషులో చెప్పి చూపించే పరీక్ష రోజు మేనేజర్ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. తల దించుకుని, అవ్వ గడప అవతల కూర్చుని ఉందనుకుని చెప్పడం మొదలుపెట్టాను. పప్పు దించేదాకా మాట తడబడలేదు. సోమవారం నుంచి రమ్మన్నారు.

పొద్దున పోతే మళ్లీ సాయంత్రానికే రావడం. అన్నీ డబ్బాల్లో పెట్టి వెళ్తానన్నాను. మధ్యాహ్నం చాయ తానే పెట్టుకుంటానని, లైటర్ ఇమ్మని అడిగింది. ఇవ్వనన్నాను. రెండు రోజులు ఆమె గడప దగ్గరికి రాకుండా మంచం మీదే ఉండిపోయింది. ఆదివారం పొద్దున నేనే బీరువా తాళం తీసి, ఆమె కొంగు నడుముకు బిగించి దోపి, లైటర్ చేతిలో పెట్టాను. ఒక్కో పనీ పైకి చెబుతూ చాయ పెట్టింది, సగం ఇంగ్లీషు, సగం మన మాట. నేను వెనకాల పెదవి కొరుక్కుంటూ నిలబడ్డాను.

ఇప్పుడు రోజూ మూడింటికి గెస్ట్‌హౌస్ వంటింట్లో నా ఫోన్ మోగుతుంది. ఒక్క మీట నొక్కితే నాకే వచ్చేలా ఆమె ఫోన్‌లో పెట్టించాను. పలకరింపులేమీ ఉండవు. నీళ్లు పోస్తున్నానంటుంది, గ్యాస్ ముట్టిస్తున్నానంటుంది, చక్కెర లేకుండానేలే అంటుంది. నేను నోరు మెదపను. చేతిలో గంటె పట్టుకుని కదలకుండా వింటాను. చాయ పొంగే చప్పుడు కూడా వినిపిస్తుంది.

"ఐ యామ్ టర్నింగ్ ఆఫ్ ది గ్యాస్," అంటుంది చివరికి. స్టవ్ మీట మళ్లీ తడిమి చూసుకుంటుంది కాబోలు, తర్వాత అంటుంది, "బంద్ జేసిన బిడ్డా. ఇగ నీ పని జూస్కో."

అప్పుడు గంటె కదుపుతాను.