చీనీ కేకు

డిసెంబరు నెల మంచిదా చెడ్డదా అని నన్నెవరైనా అడిగితే, బడి నడిచినంతవరకు చెడ్డది, అర్ధసంవత్సరం పరీక్షలు ముగిసిన మరునాటి నుంచి మంచిది అంటాను. తిరుత్తణి నుంచి తిరువళ్ళూరుకు రోజూ రైల్లో పోయి పాఠాలు చెప్పి వచ్చే మనిషికి తెల్లవారుజాము అంటే మంచూ కాదు, ముగ్గూ కాదు. సగం అల్లిన జడను చేత్తో పట్టుకుని స్టేషనుకు పరుగెత్తడం. అటువంటి నాకు ఏడాదికొకసారి, సెలవుల మొదటి రోజున, దుప్పటి కింద పడుకుని మార్గళి నెలను, అదే ధనుర్మాసాన్ని, వినే యోగం పడుతుంది. చూసే యోగం కాదు, వినేది. కళ్ళు తెరిచామా, అందులో సగం పోతుంది.

ముందు కొండ మీది గుడి పాట వస్తుంది. మంచులో నానిందేమో, మాటలు కరిగిపోయి రాగం మాత్రం మా మిద్దె దాకా చేరుతుంది. తర్వాత వీధిలో ఎవరో వాకిలి చిమ్ముతున్న చప్పుడు, నీళ్ళు చల్లిన చప్పుడు. ఆ తర్వాత నా బండి కూత. నన్ను రోజూ మోసుకుపోయే బండి నన్ను వదిలేసి తనంతట తాను పోతోంది. పో, అమ్మా, పో. నేను లేకుండా తిరువళ్ళూరు దాకా పోయి చూడు, కిటికీ సీటు కోసం పోట్లాడేవాళ్ళు లేక నీకే తోచదు. అట్లా దానితో మాట్లాడుకుంటూ మళ్ళీ నిద్రలోకి జారిపోవడంలో ఉన్న సుఖం ముందు ప్రమోషను కూడా దిగదుడుపే.

ప్రతి ఏడూ సరిగ్గా ఈ ఘట్టంలో మా అత్తమ్మ గొంతు వినబడేది. "టీచరమ్మకు ఇంకా తెల్లారలేదంటనా?" అని, నాకు కాదు, గోడకు చెప్పేది. నేను దుప్పటిలోంచే గోడకు బదులు చెప్పేదాన్ని. మా ఇద్దరికీ మధ్య ఆ గోడ ఎన్ని మాటలు మోసిందో దానికే తెలుసు.

ఈ ఏడు ఆ గొంతు రాలేదు.

కార్తీకంలో ఆమెకు జ్వరం వచ్చింది. జ్వరం పోయింది, నోరు మాత్రం తిరిగి రాలేదు. ఏం పెట్టినా మట్టి నమిలినట్టు ఉందనేది. రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కునేది. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, రోగం ఏమీ లేదు, నచ్చినది పెట్టండి అన్నాడు. నచ్చినదంటూ ఒకటి ఉంటే కదా పెట్టేది. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. మా ఆయన పొదటూరుపేటలోని లుంగీల కొట్టు నుంచి వస్తూ రోజుకొక తిండి పొట్లం తెచ్చేవాడు, మరునాడు దాన్ని నేనే తినేదాన్ని. తినక ఈమె మనిషి నిలుస్తుందా అన్న మాట మేమిద్దరం పైకి అనుకోలేదు గాని, ఆ మాట ఇంట్లోనే తిరుగుతూ ఉండేది.

నాకు అంతకన్నా గుబులు పుట్టించింది ఇంకొకటి. ఆమె నేనిచ్చిన కాఫీని పల్లెత్తు మాట అనకుండా తాగేస్తోంది. నేను ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచి నా కాఫీ ఒక్కనాడూ ఆమెకు సరిపోలేదు. డికాషను ఎక్కువ, పాలు తక్కువ, చల్లారింది, పొగలు కక్కుతోంది, ఏదో ఒకటి. ఇప్పుడు గ్లాసు ఖాళీ చేసి పక్కన పెడుతుంది, అంతే. ఒకరోజు కావాలనే నీళ్ళలాంటి కాఫీ ఇచ్చి చూశాను. తాగేసింది.

పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళూ బత్తాయిలు తెచ్చారు. రోగి ఇంటికి వేరే పండు తేకూడదని ఎక్కడైనా రాసి ఉందేమో. వంటింట్లో గంప నిండిపోయింది. ఈ పండు విషయంలో మా ఇంట్లో ఒక పాత తగాదా ఉంది. అత్తమ్మ పుట్టింది కడప దిక్కున. అక్కడ దీన్ని చీనీకాయ అంటారు. ఇక్కడ మేము తెలుగు మాట్లాడేవాళ్ళం కూడా అరవంలో లాగే సాత్తుకుడి అంటాం. సాత్తుకుడి అనేది ఊరి పేరు, తినే పండుకు ఊరి పేరేమిటి, బుద్ధుండాలి అని ఆమె వాదన. చీనీ అంటే దేశం పేరు కాదా, ఊరికన్నా అది మేలా అని నాది. ఇందులో ఎవరూ ఓడలేదు.

మా పక్కింటామె తిరునెల్వేలి వైపు మనిషి. భర్త రైల్వేలో పని చేస్తాడు. క్రిస్మసుకు ఆమె ఇంట్లో కేకు కాలుతుంటే మా పిట్టగోడకు కూడా ఆకలేస్తుంది. మార్గళిలో మేము గుడ్డు ముట్టమని, మా కోసం పెరుగుతో వేరే కేకు చేసి పంపేది. ఈసారి తమ్ముడి బిడ్డ నామకరణానికి పండగ ముందే ఊరికి ప్రయాణమైంది. ఈ ఏటికి కేకు మీరే చేసుకోండని, పోయేముందు అల్యూమినియం గిన్నెలాంటి తన కరెంటు ఓవెనును మా ఇంట్లో దించింది. ద్రాక్షరసంలో నానబెట్టిన ఎండుపండ్ల సీసా కూడా ఇచ్చింది. నేను వెన్న కొనడానికి బజారుకు పోయి ఉన్నాను. అందుకని తయారీ అంతా గోడ మీంచి అత్తమ్మకు అరవంలో చెప్పి, బండికి టైమయిందని వెళ్ళిపోయింది.

నేను వచ్చేసరికి అత్తమ్మ వంటింట్లో పీట మీద కూర్చుని ఉంది. ఆ మధ్య ఆమెను మంచం మీద తప్ప వేరేచోట చూసింది లేదు. కాలి కింద కత్తిపీట, ముందర గిన్నెలో బత్తాయి రసం, పక్కన సన్నగా తరిగిన తొక్కల కుప్ప.

ఏమిటిది అన్నాను. కేకుకు అంది. కొలతలన్నీ నోటికి ఒప్పజెప్పింది: మూడు గ్లాసులు మైదా, ఒక గ్లాసు వెన్న, ఒక గ్లాసు పెరుగు, చిటికెడు ఆప్పసోడా అనే వంటసోడా, సీసాలో ఉన్న పండ్లన్నీ, ఒకటిన్నర గ్లాసు సీనీ.

నాకు నవ్వు ఆగలేదు. తిరునెల్వేలి దిక్కున చక్కెరను సీనీ అంటారు. మన పక్క అరవంలో అది సక్కరై. పాపం ఆ మాట ఈమె ఎన్నడూ విని ఉండదు.

"అత్తా, ఆమె చెప్పింది చక్కెర. పండు కాదు."

"చక్కెర మాట ఆయమ్మ ఎత్తనే లేదు. సీనీ అనింది. నాకు చెవుడా?"

"వాళ్ళ ఊర్లో చక్కెరకే సీనీ అని పేరు."

ఆమె కత్తిపీట పక్కన పెట్టింది. "అరవోళ్ళకు చ పలకదు గదా. చక్కెరను ఏమంటారు?"

"సక్కరై."

"చక్కెర సక్కరై అయితే, చీనీ సీనీ కాదా? పిలకాయలకు పాఠం చెప్తావు, ఈ లెక్క రాదా మే నీకు?"

నేను నోరు తెరిచాను. నా దగ్గర కనీసం నాలుగు జవాబులు ఉన్నాయి, నాలుగూ మంచివే. అప్పుడు చూశాను: ఆమె మొహంలోకి రంగు వచ్చింది. కళ్ళు నా జవాబు కోసం కాచుకుని ఉన్నాయి. కార్తీకం తర్వాత ఈమె నాతో వాదించడం ఇదే మొదటిసారి. తెరిచిన నోరు అట్లాగే మూసుకుని, "సరేలే అత్తా, నువ్వు చెప్పిందే రైటు" అన్నాను.

ఆమె నన్ను అనుమానంగా చూసింది. "ఏమ్మే, ఒంట్లో బాగలేదా?"

ఇట్లా ఒప్పుకుంటే లాభం లేదని తెలిసిపోయింది. కాబట్టి వాదించాను. చక్కెర లేని కేకు కుక్క కూడా తినదన్నాను. ఎండుపండ్లలో ఉండేది తీపి కాకపోతే కారమా అంది. రసం పులుపు, పెరుగు పులుపు, తొక్క చేదు, ఇది కేకు కాదు శిక్ష అన్నాను. అయితే నువ్వు తినబాక అంది. చక్కెర డబ్బా అందేటంత దూరంలో ఉంది. ఆమె నా వైపు చూడనప్పుడు నాలుగు చెంచాలు వేసినా వేయవచ్చు. వేయలేదు. గెలిస్తే ఆమె ఎదురుగా గెలవాలి, ఓడితే ఆమె ఎదురుగా ఓడాలి. నేను పిండి కలిపాను, ఆమె బత్తాయి రసం పోసింది. వెన్న ఇంకా గిలక్కొట్టమని నా మణికట్టు మీద ఒక దెబ్బ కూడా వేసింది.

గుండ్రటి ఆ ఓవెను మీద మూత పెట్టి మీట నొక్కాక చేయడానికి ఏమీ లేదు. కేకులో నాకు నచ్చే గుణం అదే. దోసె అయితే పక్కనే నిలబడి కాపలా కాయాలి. కేకు తన పాటికి తాను కాలుతుంది, మన పాటికి మనల్ని ఉండనిస్తుంది. దిద్దాల్సిన పరీక్ష పేపర్ల కట్ట మూలలోంచి నన్ను చూసింది. నేను దాన్ని చూడలేదు. ఎండ వంటింటి గడప దాకా వచ్చి, లోపలికి రావాలా వద్దా అన్నట్టు ఆగింది. మార్గళి ఎండ అంతే, చుట్టం లాగా మొహమాట పడుతుంది. ఆ ఎండలోనే చాప వేశాను. అత్తమ్మ వచ్చి నా పక్కన వాలింది. నా దుప్పటిలో సగం లాక్కుంది.

ముందు వెన్న వాసన వచ్చింది. తర్వాత ద్రాక్ష. ఆ తర్వాత, ఎక్కడో వెనక నుంచి, బత్తాయి తొక్క కాలుతున్న వాసన. అది పండు వాసనా కాదు, పువ్వు వాసనా కాదు. వాన వెలిసిన తోటలోకి ఎవరో సాంబ్రాణి పట్టుకుని నడిచి వచ్చినట్టు ఉంది. ఇల్లంతా మెల్లగా ఆ వాసనలో మునిగింది. నిద్రో మెలకువో తెలియని ఆ స్థితిలో అత్తమ్మ ఏదో చెబుతోంది: చిన్నప్పుడు వాళ్ళ నాయన చీనీ తోటకు నీళ్ళు కడుతుంటే తాను తొక్కల్ని పిండి పిల్లి కళ్ళల్లో చిమ్మేదట. పిల్లి తుమ్మేదట. పిల్లి తుమ్మడం ఎవరైనా విన్నారా అని అడగబోయి, నిద్రలోకి పోయాను. ఆ పిల్లి నా కలలో కూడా తుమ్మింది.

సాయంత్రం మా ఆయన చెప్పులు విడుస్తూనే, ఎవరింట్లో ఈ వాసన అన్నాడు. మనింట్లోనే అంటే నమ్మలేదు. కేకు పొంగలేదు గాని మాడలేదు కూడా. ఎర్రగా, కొంచెం కుంగి, ఎవరి మీదో అలిగినట్టు ఉంది. కోసి ముగ్గురికీ పెట్టాను.

మొదటి ముక్క మా ఆయన నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు. "ఇది కేకా, కషాయమా?" అన్నాడు. నేను తిన్నాను. అంత ఘోరమేమీ కాదు. ఎండుద్రాక్ష తగిలినచోట తియ్యగా, మిగతా అంతా పుల్లగా, చివర్లో నాలుక వెనక పట్టుకునే చేదు. తొక్కతోపాటు లోపలి తెల్లపొర కూడా తరిగిందని అప్పుడర్థమైంది.

అత్తమ్మ చిన్న ముక్క తుంచుకుంది. నమిలింది. ఆగింది. మళ్ళీ నమిలింది. నేను ఆమె దవడనే చూస్తున్నాను. మా ఆయన కూడా నమలడం ఆపేశాడు.

"చేదుగా ఉండాది" అంది.

నేను చెప్పలేదా అని నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఆమె మొహం ఫిర్యాదు చేసేవాళ్ళ మొహంలా లేదు. ఇంకో ముక్క తుంచుకుని, కళ్ళు మూసుకుని, చెవి ఒగ్గి విన్నట్టుగా తింది.

"చేదు తెలస్తా ఉండాది మే" అంది మెల్లగా.

మా ఆయన తల తిప్పుకుని కిటికీ వైపు చూశాడు. ఆమె పళ్ళెం ఖాళీ చేసింది. నంజుకోవడానికి ఊరగాయ ఏమన్నా ఉందా అని అడిగింది. కేకుకు ఊరగాయ నంజుకున్న మనిషిని ఈ జిల్లాలో ఎవరూ చూసి ఉండరు. నేను లేచి జాడీ మొత్తం తెచ్చి ముందర పెట్టాను.

పండగ రోజు పక్కింటామె ఊరి నుంచి ఫోను చేసి కేకు ఎట్లా వచ్చిందని అడిగింది. సంగతి చెబితే నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది. అత్తమ్మ ఫోను లాక్కుని, మీ ఊర్లో చక్కెరకు వేరే పేరే దొరకలేదా, మా పండు పేరు ఎత్తుకుపోయినారు అని అరవంలో నిలదీసింది. ఆపైన కొంత గొంతు తగ్గించి, అయినా నీ కేకు కంటే మాదే బాగుంది అని కూడా చెప్పింది. ఆ రోజు మధ్యాహ్నం రసంలో ఉప్పు తక్కువైందని అన్నం మీద కొసరి వేసుకుంది.

మరునాడు నేను మామూలు కన్నా ముందే లేచి కాఫీ కలిపి ఆమె మంచం దగ్గర పెట్టి, చప్పుడు చేయకుండా వచ్చి మళ్ళీ దుప్పటిలో దూరాను. కొండ మీది పాట మొదలైంది. వీధిలో నీళ్ళు చల్లారు. నా బండి కూసింది, నన్ను వదిలేసి పోయింది. ఆ కూత మంచులో ఇంకా పూర్తిగా ఆరకముందే గోడ అవతల గ్లాసు ఠప్పుమని కింద పెట్టిన చప్పుడు.

"కాఫీలో సీనీ చాలలేదు మే."

చ కాదు, స. విన్నాను, స్పష్టంగా. దుప్పటి కింద నవ్వు దాచుకుంటూ గోడను అడిగాను. "ఏ సీనీ అత్తా, గంపలో ఉండేదా, డబ్బాలో ఉండేదా?"

"ముందు దుప్పట్లో నుంచి బయటికొచ్చి మాట్లాడు" అంది గోడ.