పేర్లు ఎత్తకూడని గది

యూనివర్సిటీలో ఆమెను అందరూ తక్కెడమ్మ అనేవారు. చాటున అనుకునే పేరు కాదు, ఎదురుగానే అనేవారు, ఆమె పలికేది కూడా. ఇద్దరు గుమాస్తాల మధ్య సెలవుల తగాదా వచ్చినా, రెండు విభాగాలు ఒకే గది కోసం జుట్టూ జుట్టూ పట్టుకున్నా చివరికి ఆమె బల్ల దగ్గరికే చేరేవాళ్లు. ఆమె ఇద్దరి మాటా వినేది, కళ్లజోడు తీసి తుడుచుకునేది, నీకింత, నీకింత అని తేల్చేసేది. ఆ తర్వాత ఎవరూ కిక్కురుమనేవారు కారు. సొంత అక్క కూతురు అక్కడే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంటే, ఎంపిక పూర్తయ్యేదాకా సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్న మనిషి. ఆ పిల్లకి ఉద్యోగం రాలేదు. అక్క చాలాకాలం ఆమెతో మాట్లాడలేదు. అదీ న్యాయంలో భాగమేనని ఆమె సరిపెట్టుకుంది.

టైపిస్టుగా చేరి డిప్యూటీ రిజిస్ట్రార్ దాకా ఎక్కింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే తీరిక దొరకలేదనేది. మంచి మనిషే, అందులో సందేహం లేదు. కాకపోతే తన మంచితనమంటే తనకి కాస్త ముచ్చట ఎక్కువ. అదే కొంప ముంచింది. మునిగింది ఆమె కొంపైనా బాగుండేది.

కొత్తగా వచ్చిన వైస్ ఛాన్సలర్ పై అధికారుల వరస చూసి తల పట్టుకున్నాడు. పదకొండు మంది డైరెక్టర్లు. ఒక చిన్న ఫైలు కదలాలంటే పదకొండు గదుల్లో తల వాచేలా తిరగాలి. దీన్ని ఏడుగురికి కుదించండి అని కమిటీ వేశాడు. తక్కెడమ్మ ఆ కమిటీలో సభ్యురాలు. ఇలాంటి ప్రయత్నం ఆమె టైపిస్టుగా ఉన్న రోజుల్లోనూ ఒకసారి జరిగింది. అప్పుడు ఒక్కొక్కరూ తమ వాళ్ల కోసం గొంతులు చించుకున్నారు. ఒకాయన తన వియ్యంకుడి పోస్టు జోలికొస్తే రాజీనామా చేస్తానన్నాడు. ఇంకొకాయన, చెయ్యండి సార్, అని పెన్ను అందించాడు. మంచినీళ్ల జగ్గు పగిలింది. పదవులు మాత్రం ఒక్కటీ కదల్లేదు. ఆ గాజు ముక్కలు ఏరింది ఈ మహాతల్లే.

అందుకే ఈసారి మొదటి సమావేశంలోనే లేచి నిలబడింది.

"ఈ గదిలో మనిషి పేరు ఎత్తొద్దు. గోడమీద ఆ పటంలో గళ్లున్నాయి, ఒక్కో గడి ఒక్కో పోస్టు. ఆ గడి అవసరమా, అనవసరమా, అంతవరకే మాట్లాడదాం. గడిలో ఎవరున్నారు, వాళ్ల కష్టమేంటి, ఇవన్నీ గుమ్మం అవతలే వదిలేద్దాం."

అందరూ చప్పట్లు కొట్టారు. ఫైనాన్స్ ఆఫీసరైతే రెండు చేతులూ పైకెత్తి మరీ కొట్టాడు. బయటి కంపెనీ నుంచి వచ్చిన సలహాదారు, ఇంత శుభ్రమైన పద్ధతి తానెక్కడా చూడలేదన్నాడు. ఆ సాయంత్రం తక్కెడమ్మ ఇంటికి వెళ్లి, చాలాకాలం తర్వాత, కూనిరాగం తీసుకుంటూ వంట చేసుకుంది.

గోడమీద కింది వరసలో ఒక గడి ఉంది. విద్యార్థి సంక్షేమం, డైరెక్టరు. ఆ గడిలో ఉన్నది ఆమె మొదటి పై అధికారి. ఆమె చేరిన కొత్తల్లో తల్లి ఆస్పత్రిలో ఉంటే, ఈ పిల్ల సాయంత్రాలు తొందరగా వెళ్లిపోతోందని పైవాళ్లకి తెలియకుండా, మిగిలిన పని తనే రెండు వేళ్లతో టైపు చేసి పెట్టిన మనిషి. తల్లి పోయాక భార్యని వెంటబెట్టుకుని వచ్చి, ఇకనుంచి ఆదివారం భోజనం మా ఇంట్లోనే అన్నాడు. అప్పటినుంచి ఆయన ఆమెకి అన్నయ్య, ఆయన భార్య వదిన. ఆ ఆదివారాలు ఎన్ని గడిచాయో ఆమె కూడా లెక్కపెట్టలేదు.

వదిన లెక్కల లెక్చరర్‌గా చేసింది. నడివయసులో చూపు మందగించడం మొదలై, కొన్నాళ్లకి పూర్తిగా పోయింది. ఉద్యోగం మానేసింది గాని ఇల్లు మాత్రం వదల్లేదు. ఆ ఇంట్లో ఆమెకి కళ్లు లేవని కొత్తవాళ్లు చప్పున కనిపెట్టలేకపోయేవారు. స్టవ్వు వెలిగించేది, టీ పొంగకుండా దించేది, గేటు దాటి గోడ పక్కనే నడుస్తూ లైబ్రరీ మెట్ల దాకా ఒంటరిగా వెళ్లొచ్చేది. సాయంత్రమైతే హాస్టల్ పిల్లలు వరండాలో చేరేవాళ్లు. వాళ్లు లెక్క పైకి చదివితే ఆమె కళ్లు మూసుకుని వినేది, ఎక్కడో మధ్యలో ఆపి, "అక్కడ తప్పావు, వెనక్కి రా" అనేది. ఇదంతా ఆ ఇంట్లోనే. ఒకసారి బంధువుల ఇంటికి వెళ్తే, ఉన్నన్నాళ్లూ కుర్చీలోంచి లేవలేదు. ప్రతిదానికీ ఎవర్నో ఒకర్ని పిలవడం నామోషీగా ఉందంది. ఆ ఇల్లు యూనివర్సిటీది. డైరెక్టరు పోస్టుతో పాటు వచ్చింది, పోస్టుతో పాటే పోతుంది.

ఆ గడి వంతు వచ్చిన రోజు సలహాదారు కర్రతో గోడ చూపించాడు. "విద్యార్థి సంక్షేమం, అడ్మిషన్లు. ఈ రెండు గళ్లూ కలిపేస్తే నష్టమేమైనా ఉందా? జీతం ఎవరికీ తగ్గదు. గడి పోయినవారికి సలహాదారు హోదా ఇస్తాం."

ఫైనాన్స్ ఆఫీసరు గొంతు సవరించుకుని ఆమె వైపు తిరిగాడు. "మేడమ్, మీరేమైనా చెప్తారా?"

ఆమె చెప్పాలనే చూసింది. ఆ గడి ఉండాలనడానికి ఒక్క కారణం, గడికి సంబంధించిన కారణం, దొరుకుతుందేమోనని వెతుక్కుంది. దొరకలేదు. పిల్లలు ఒక పని కోసం ఆ ఆఫీసుకీ ఈ ఆఫీసుకీ తిరుగుతున్నారని పదిమందిలో అన్నది తనే. కలపడమే సబబు. ఉన్న ఒక్క కారణమల్లా, ఆ ఇంటి గోడలు ఒక మనిషి చేతికి అలవాటై ఉన్నాయన్నది. అది గుమ్మం అవతల వదిలేసిన కారణం.

"లేదు," అంది. "గడిగా చూస్తే కలపడమే మంచిది."

అన్నాక గుండెల్లో రాయి పడ్డట్టైంది. నిజమే. కానీ ఆ రాయి పక్కనే చిన్న గర్వం కూడా ఉంది. చూశారా, నావాళ్ల దాకా వచ్చినా నేను వంగలేదు, అని. ఆ గర్వాన్ని తలుచుకుని తర్వాత ఆమె ఎన్నిసార్లు తనని తాను తిట్టుకుందో చెప్పలేను.

కబురు చెప్పే పనీ ఆమె నెత్తినే పడింది. ఆమె నోటినుంచి వింటే ఆయన నొచ్చుకోడని కమిటీ అభిప్రాయం. ఆమె వెళ్లేసరికి అన్నయ్య ఫోన్లో హాస్టల్ నీళ్ల మోటారు గురించి ఎవరితోనో కేకలేస్తున్నాడు. ఆమెని చూసి ఫోన్ పెట్టేశాడు.

"ఏంటమ్మా, మొహం అలా వేలాడేశావు? నన్ను పీకేశారా?"

"పీకడం కాదన్నయ్యా. కలిపారు. నీకు సలహాదారు పోస్టు. జీతం అదే."

"పనో?"

ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"అంటే అడిగితే చెప్పాలి, అడిగేవాడు ఉండడు. ఇంట్లో ఎన్నేళ్లుగానో ఆ ఉద్యోగమే చేస్తున్నాలే," అని నవ్వాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. "మరి ఇల్లు?"

"పోస్టుతో పాటే."

ఆయన బల్లమీద ఉన్న కాగితాలు సర్దాడు. సర్దినవాటినే మళ్లీ సర్దాడు.

"అక్కడ పేర్లు ఎత్తకూడదని రూలట కదా. నువ్వే పెట్టావా?"

"నేనే అన్నయ్యా."

"మంచి రూలే," అన్నాడు. దెప్పడానికి అనలేదు. మనస్ఫూర్తిగానే అన్నాడు. "మీ వదినకి నేను చెప్తాలే. ఈ ఆదివారం మటుకు నువ్వు రాకు."

రాకు అన్న మాట ఆ నోటినుంచి ఆమె అంతకుముందెప్పుడూ వినలేదు.

యూనివర్సిటీ కౌన్సిల్ కొత్త గళ్లన్నీ ఆమోదించాక, వైస్ ఛాన్సలర్ ఆమెను పిలిచి, కలిపిన పోస్టుకి మీ పేరే అనుకుంటున్నానన్నాడు. ఇప్పుడిక గళ్లలోకి మనుషులు రావచ్చు కదా. ఆ పోస్టు అంటే ఆ ఇల్లు. నాకొద్దు సార్ అంది. అని, ఇన్నాళ్లూ బిగబట్టుకున్నదంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. వదిన గురించి, ఇంటి గురించి, వరండాలో లెక్కల గురించి. అన్నయ్య రిటైరవడానికి ఇంకా రెండేళ్లే, అప్పటిదాకా ఎలాగైనా ఆ ఇల్లు వాళ్లకి ఉంచమంది.

వైస్ ఛాన్సలర్ పెన్ను కింద పెట్టాడు. "ఇప్పుడా మేడమ్ చెప్పడం?"

"పేర్లు ఎత్తకూడదని..."

"అది గదిలో. బయట ఎవరు వద్దన్నారు? ఫైనాన్స్ ఆఫీసరు మా ఇంటికొచ్చి, ఇంజనీరుకి గుండె ఆపరేషన్ అయింది, ఇప్పుడాయన్ని కదపొద్దు సార్ అన్నాడు. ఆ గడి ఉంచాను. లైబ్రేరియన్ కోసం ఇద్దరొచ్చారు. ఒక్కొక్కరికీ ఒక్కో ఇబ్బంది, నేనూ మనిషినేగా. ఎవరూ రాని గళ్లే చివరికి కలిపేశాం. సంక్షేమం డైరెక్టరు కోసం మీరొస్తారని చూశాను. మీకంటే దగ్గరివాళ్లు ఆయనకెవరున్నారు? మీరే రాలేదంటే ఆయనకేం ఇబ్బంది లేదనుకున్నా."

"ఇప్పుడేం చెయ్యలేమా సార్?"

"ఆయన్ని సలహాదారుగా వెయ్యడానికి కౌన్సిల్ ఒప్పుకున్నాక ఎలా? ఆ ఇల్లు ఆయనకి వదిలేస్తే, పోస్టులు పోయిన మిగతావాళ్లు రేపు నా గుమ్మంలో కూర్చుంటారు."

బయట వసారాలో ఫైనాన్స్ ఆఫీసరు ఎదురయ్యాడు. ఆమె మొహం చూసి ఆగాడు. విషయం విన్నాక నిజంగానే బాధపడ్డాడు. "అయ్యో, మీరు ఎప్పుడో వెళ్లి చెప్పే ఉంటారనుకున్నామండీ అందరం," అన్నాడు. రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టిన మనిషి! కానీ ఆయన్ని ఏమని తిట్టాలి? ఒక జబ్బు మనిషి కోసం ఒక గడప ఎక్కాడు, అంతే కదా. ఆ రూలుని చివరిదాకా నమ్మింది, దాన్ని పెట్టిన మనిషి ఒక్కతే. మిగతావాళ్లకి అది గది వరకే పనికొచ్చే మర్యాద. గోడ చూస్తున్నంతసేపూ గళ్లు, ఆ తర్వాత టీ తాగుతూ మనుషులు. ఈ సంగతి ఆమెకి తప్ప అందరికీ తెలుసు.

ఆ పోస్టు ఆమె తీసుకోలేదు. తీసుకోకపోవడం వల్ల ఎవరికీ ఒరిగిందీ లేదు. అడ్మిషన్ల డైరెక్టరుకి ఇచ్చారు. ముగ్గురు పిల్లలతో ఇరుకింట్లో అవస్థ పడుతున్నవాడు, సంబరంగా ఆ ఇంట్లో దిగాడు. పిల్లలు రోడ్డుమీదికి పరిగెత్తకుండా వరండాకి ఇనప జాలీ బిగించాడు. అతని తప్పేం ఉంది?

అన్నయ్యవాళ్లు మారిన ఫ్లాటుకి తక్కెడమ్మ చాలా ఆదివారాల తర్వాత వెళ్లింది. మూడో అంతస్తు, పొడుగాటి నడవా, రెండు పక్కలా ఒకేలాంటి తలుపులు. అన్నయ్య తలుపు తీశాడు, ఆమెని చూసి నిజంగానే సంతోషపడ్డాడు. చిక్కిపోయాడు. "సరైన సమయానికొచ్చావమ్మా. నువ్వు కూర్చో, నేను మందుల షాపు దాకా వెళ్లొస్తా. మీ వదినని ఒంటరిగా వదిలి కదల్లేకపోతున్నా," అని చెప్పులేసుకున్నాడు.

వదిన కిటికీ పక్క కుర్చీలో, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. గదిలో సగం అట్టపెట్టెలు విప్పకుండానే ఉన్నాయి. పిల్లలొస్తున్నారా అని అడిగింది తక్కెడమ్మ, ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

"ఇద్దరొచ్చారు ఒకసారి. రెండు బస్సులు మారాలట. పాపం, పరీక్షలప్పుడు వాళ్లకెక్కడ కుదురుతుంది," అంది వదిన. మళ్లీ తనే అందుకుంది, "నీ మీద కోపం పెట్టుకుందామనే చూశాను అమ్మాయ్. మీ అన్నయ్య పెట్టుకోనివ్వడే. లేచిన దగ్గర్నుంచీ నీ పాటే. మన పిల్ల మనకోసం కూడా మాట తప్పలేదు, అలాంటి మనుషులు ఎక్కడున్నారు అంటాడు. ఆ ఒక్క ముక్క పట్టుకునే బతుకుతున్నాడు. అందుకే ఒకటడుగుతా, నిజం చెప్పు. అక్కడ అందరూ నీలాగే నోరు మూసుకున్నారా?"

తక్కెడమ్మకి జవాబు తెలుసు. లేదు వదినా, అందరూ వెళ్లి వాళ్లవాళ్ల కోసం చెప్పుకున్నారు, వెళ్లనిది నేనొక్కదాన్నే, ఒక్క మాట చెప్పి ఉంటే మీరిప్పటికీ మీ ఇంట్లోనే ఉండేవారు. ఇదీ నిజం. దీన్ని చెప్పేస్తే తన మనసు తేలికపడుతుంది. కాని ఈ ఇంట్లో మిగిలిన ఆ ఒక్క ముక్క కూడా పోతుంది. చెప్పకపోతే తన పరువు దక్కుతుంది. ఎవరికోసం దాస్తున్నట్టు? ఎంత తరచి చూసుకున్నా ఆమెకి తేలలేదు.

"అవును వదినా," అంది. "ఎవరూ ఎవరి గురించీ మాట్లాడలేదు."

వదిన తల ఊపింది. మొహం కాస్త తెరిపిన పడింది.

"అయితే సరేలే. అందరికీ ఒకటే అయినప్పుడు మనం మాత్రం ఏమంటాం," అంది. తర్వాత చెయ్యి చాపింది. "కాస్త బాత్రూం దాకా తీసుకెళ్లు. ఎటో ఇంకా అంతుపట్టట్లేదు నాకు."

ఆమె లేచి చెయ్యి అందించింది. వదిన ఆ చేతిని గట్టిగా, పూర్తి నమ్మకంతో పట్టుకుని వెంట నడిచింది.