గౌను కాగితాలు

2004 మే 6, గురువారం, ఉదయం తొమ్మిదీ ఇరవైకి మా మిక్సీ ఆగిపోయింది.

అందులో రుబ్బుతున్నది నానబెట్టిన చిత్తు కాగితం. మా కోడలు పొదుపు సంఘం తరఫున కోటవురట్ల వెళ్ళి, పాత కాగితంతో కొత్త కాగితం చెయ్యడం నేర్చుకొచ్చింది. ముక్కలు చించి రెండు రోజులు నానబెట్టాలి. మెత్తగా రుబ్బి, ఆ గుజ్జును టబ్బులో నీళ్ళలో కలపాలి. దోమల జాలీ బిగించిన చెక్కను అందులో ముంచి పైకి తీస్తే జాలీ మీద పొర నిలుస్తుంది. దాన్ని పాత దుప్పటి మీద బోర్లించి ఆరబెడితే కాగితం. మా చర్చిలో ఒకరు పెళ్ళి శుభలేఖలు దీని మీదే వేయిస్తామన్నారు. నాకూ సరదాగానే ఉండేది. పొర మందం సమంగా లేదని చెప్పడం నా పని.

ఆ రోజు పక్కింటావిడ సాయానికి వచ్చింది.

"నీ కోడలు కాయితాన్ని కూడా పప్పు రుబ్బినట్టు రుబ్బేత్తంది వొదినా. రేపు దీంతోనే అట్లేసి పెడతాది, సూసుకో!"

"ముందు మీకే పెడతాను పిన్నీ," అంది కోడలు. "అదుగో, ఆగిపోనాది. ఏటో సుట్టుకున్నట్టుంది."

నేను జారు వంచి చూశాను. బ్లేడుకు ఎర్ర దారం.

ముప్ఫై నాలుగేళ్ళు నేను ఇంట్లో బట్టలు కుట్టాను. ఎవరి కొలతకు వారికి పాత పేపరు మీద కటింగు తీసి, ఆ ముక్కలకు చిల్లు పెట్టి దారం కట్టి ఉంచేదాన్ని. బయటివాళ్ళవి తెల్ల దారం. ఎర్ర దారం మా అమ్మాయికొక్కదానికే. 1967 ఆగస్టులో పుట్టింది. 1978 జూన్‌లో జ్వరంతో పోయింది. ఏటా క్రిస్మస్ గౌనుకు ముందు కొత్త కటింగు తీసేదాన్ని. పొట్టయిపోయిన గౌనులు చుట్టాల పిల్లలకు ఇచ్చేశాం. కాగితాలు మాత్రం నా దగ్గర ఉండిపోయాయి.

"ఇవెక్కడివమ్మా?" అన్నాను.

"మంచం కింద దిండు గలీబులోవి అత్తమ్మా. ఎలాగూ ముక్కలుగానే ఉన్నాయి కదా, సింపే పని తప్పిందనుకున్నాను. పాత పేపరైతే బాగా నానతాదని అక్కడ సెప్పేరు."

"అన్నీనా?"

"అన్నీ. మొన్ననే నానేసేను. ఏటత్తమ్మా? ఏటైంది?"

పక్కింటావిడకు ఆ దారం సంగతి తెలుసు. చేతిలో జాలీ కింద పెట్టేసింది.

"పిల్ల కాయితాలా వొదినా?" అంది.

నేను బకెట్లో చేతులు పెట్టాను. అడుగున ఒక గౌను చెయ్యి కటింగు చిరగకుండా దొరికింది. రెండు అరచేతుల మీదా ఎత్తాను. నీటి పైకి రాగానే మధ్యలో విడిపోయి జారిపోయింది. తర్వాత దొరికినవన్నీ ముద్దలే. నేల మీద కూర్చుండిపోయాను. కళ్ళనీళ్ళు రాలేదు. టబ్బు వైపు చూసి, గుజ్జు చిక్కగా ఉంది, ఇంకో చెంబుడు నీళ్ళు పొయ్యాలి అనుకున్నాను. ఆ క్షణాన నాకు ఆ ఆలోచన ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

కోడలు నా పక్కన కూలబడి ఏడ్చింది. "కొలతలు మీకు కంఠతా వచ్చు కదత్తమ్మా. మళ్ళీ గీద్దాం. నేను పట్టుకుంటాను, మీరు గీయండి."

కొలతలు వచ్చు. ఆఖరి గౌనుకు ఛాతీ ఇరవై ఆరు, పొడుగు ముప్ఫై. కానీ చంక గుండ్రానికి నేనెప్పుడూ టేపు పెట్టలేదు. పిల్లని నిలబెట్టి, చెయ్యి ఎత్తమని, పేపరు ఒంటికి ఆనించి, ఒంటి వారనే కత్తెర నడిపేదాన్ని. చల్లగా తగిలితే నవ్వి కదిలేది. ఆ కదిలిన చోట గీత కాస్త లోపలికి పోయేది. ఏ ఏడాది ఎక్కడ పోయిందో కాగితం చూస్తేనే తెలిసేది.

పోయినవి: ముందు భాగాలు పదకొండు. వెనక భాగాలు పదకొండు. చేతులు పది, మొదటి ఏడాది గౌనుకు చేతులు పెట్టలేదు. కాలర్లు మూడు. మొత్తం ముప్ఫై అయిదు ముక్కలు.