కుర్చీ కాపలా

చెట్ల ఆకులింకా రాలనేలేదు, అక్టోబరులోనే షికాగోను ఎన్నడూ ఎరగనంత మంచు ముంచెత్తింది. ముసలి డోలొరెస్ కుబియాక్ ఏటా లాగే పళ్లు నూరుకుంటూ, ఇంటి ముందు వీధిలో పారతో మంచు తవ్విపోసి, ఒక కారు పట్టేంత చోటు చేసింది. తవ్విన చోటు తవ్వినవాళ్లదేనని అక్కడి ఆనవాయితీ. ఆ హక్కుకు గుర్తుగా నడుమ ఓ వంటింటి కుర్చీ వేసి, కిటికీలోంచి కాపలా కాసింది. ఎదురింటి రూబెన్ ఆ కుర్చీని పక్కకు తోసి తన కారు పెట్టుకున్నాడు. ఆ రాత్రి ఆవిడ బకెట్లతో నీళ్లు మోసుకొచ్చి కారు మీద కుమ్మరించింది. తెల్లారేసరికి తలుపులు గడ్డకట్టుకుపోయాయి.

"పిచ్చి ముదిరిందా మీకు? మీ ఆయన పోగానే కారు అమ్మేశారుగా! ఇంకా ఈ చోటెందుకు?" అని రూబెన్ అరిచాడు.

"ఆయనున్నప్పుడు మాత్రం తవ్విందెవర్రా?" అంటూ ఆవిడ కుర్చీ లాక్కొచ్చి, కారుకు అడ్డంగా వేసుకుని కూర్చుంది.