పెనం మీద పాపం

ఈస్ట్ గురించి మా అత్తకు సైన్సు పాఠం చెప్పి, ఈ రోజు నా పిటా రొట్టెలను నా చేతులారా నేనే చెడగొట్టుకున్నాను.

పొద్దున గోరువెచ్చని చక్కెర నీళ్ళలో ఈస్ట్ వేసి పెట్టాను. వంటింట్లోకి వచ్చిన అత్త ఆ నురగ చూసి ఆగిపోయింది.

"ఇదేందమ్మా, బుసబుసా పొంగతాండాది?"

"ఈస్ట్ అత్తా. దానికి ప్రాణముండాది. ఇప్పుడే నిద్ర లేస్తాండాది," అన్నాను ముచ్చటగా. బుద్ధి తక్కువై.

"ప్రాణముండేదాన్ని పెనం మీద కాలుస్తావా? తరతరాలుగా గుళ్ళో పూజ చేసే ఇల్లమ్మా ఇది!"

పిండి పిసికి, అది రెండింతలు పొంగాక గుండ్రంగా ఒత్తి చూసేసరికి పెనం లేదు. వెతికితే ఆవిడ గదిలో మంచం కింద దొరికింది. తీయబోతే అడ్డంగా కూర్చుంది. ఎనిమిది పిటాలు గుడ్డ కిందే ఎండిపోయాయి.

సాయంత్రం అదే మహాతల్లి, చింతామణి ఊళ్ళో బేకరీ నుంచి తెచ్చిన బన్ను కాఫీలో ముంచుకుని తింటోంది. నాకు ఒళ్ళు మండింది.

"అత్తా, దాంట్లోనూ ఈస్టే ఉండాది."

నమలడం ఆపకుండానే చెప్పింది. "దాన్ని చంపింది బేకరీవాడమ్మా, నేను కాదు."

పెరుగులోనూ ప్రాణమున్న క్రిములుంటాయన్న సంగతి నోటిదాకా వచ్చినా మింగేశాను. అదీ చెబితే ఇంట్లో మజ్జిగ కూడా ఉండదు.

చింతామణి, బాగేపల్లి చుట్టుపక్కల పాపానికి భయపడనివాళ్ళు ఉంటే కామెంట్లో చెప్పండి. రేపు పిండి కలిపి మీ ఇంటికే తెస్తాను, మీ పెనం మీద కాల్చి ఇవ్వండి. పిటాలు నావి, పాపం మీది.