జేబులో దొరికిన రాడ్డు ముక్క

2023 ఎండాకాలం. పుంగనూరు పక్కన శెనక్కాయ పొట్టు కాల్చి కరెంటు తీసే ఒక చిన్న ప్లాంటు. మాది మదనపల్లె. ఇరవై ఆరేళ్లుగా బాయిలర్ ట్యూబులు అతికించడమే నా బతుకు. నాకు నిదానం తక్కువ, నోరెక్కువ అంటుంది మా ఆవిడ. అబద్ధమేం కాదు.

ఆ పని సూపర్‌హీటర్‌ది. అంటే ఆవిరిని ఇంకా వేడెక్కించే ట్యూబుల చుట్ట. అందులో కొంత అల్లాయ్ స్టీలు, మంట గట్టిగా తగిలే చోట స్టెయిన్‌లెస్. రెండూ వేడికి ఆగేవే, కానీ స్టెయిన్‌లెస్ ఎక్కువ సాగుతుంది, అల్లాయ్ తక్కువ. అందుకే రెంటినీ కలిపేచోట కరిగించి అతకడానికి నికెల్ రాడ్డు వాడాలి. అది ఇంచుమించు అల్లాయ్‌తో సమంగా సాగుతుంది. 309 అనే స్టెయిన్‌లెస్ రాడ్డు వాడినా ఆ రోజుకు అతుకు బ్రహ్మాండంగానే ఉంటుంది. బాయిలర్ ఆర్పడం, రాజేయడం కొన్ని నెలలు సాగాక అల్లాయ్‌లోని కార్బన్ రాడ్డు వైపు జరిగిపోయి, అంచు మెత్తబడి సన్నగా పగులుతుంది.

ఎనిమిది అతుకులు వేశాను. ఎక్స్‌రే పాసయింది, నీళ్ల ప్రెషర్ టెస్టూ పాసయింది. బాయిలర్ రాజేశారు. నేను ఇల్లు చేరుకున్నా.

మూడోనాడు మా ఆవిడ ఖాకీ చొక్కా నానబెడుతూ జేబులోంచి రాడ్డు ముక్కలు తీసింది. కాలగా మిగిలిన కొసలు అక్కడికక్కడే డబ్బాలో వేయాలని రూలు. జేబులో వేసుకోవడం నా పాడలవాటు. ఆ కొసల మీదే రాడ్డు నంబరు అచ్చేసి ఉంటుంది. ఒకదాని మీద 309.

ఆరోజు ట్యూబును పట్టి ఉంచే ఒక సపోర్టు క్లిప్పుకు 309 వాడిన మాట నిజం. నికెల్ రాడ్లూ, 309 రాడ్లూ తేమ పట్టకుండా ఒకే ఓవెన్లో వేడిగా పెట్టుకున్నాం. ఈ ముక్క క్లిప్పుదా, అతుకుదా? అన్నం ముందు కూర్చున్నా. లేచి తిరిగా, మళ్లీ కూర్చున్నా. చెబితే నా వెల్డర్ సర్టిఫికెట్టు పోతుంది. చెప్పకపోతే మస్తానన్న ఉన్నాడు. ఆ బాయిలర్ నడిపేది ఆయనే, గంటకోసారి తలుపు తీసి మంట చూసేది ఆయనే, అతుకు పగిలితే ఆవిరి ముందు కొట్టేదీ ఆయన్నే.

బస్సెక్కి ప్లాంటుకు పోయా. మేనేజరు విన్నాడు. అన్ని టెస్టులూ పాసయ్యాయి కదా, యాల కెలుక్కోవడం, వచ్చే షట్‌డౌన్‌లో చూద్దాంలే అన్నాడు. నాకు ఒళ్లు మండింది. బయటికొచ్చి మస్తానన్న చేతిలో ముక్క పెట్టి అంతా చెప్పా. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎన్నాళ్లు ఆగుతాది ఇది?"

"తెలీదన్నా. ఏడాదైనా ఆగొచ్చు. అతుకులో తప్పు రాడ్డు పడిందో లేదో కూడా తెలీదు."

"అయితే తెలిసేదాకా ఈడ నాతోపాటు నిలబడు అప్పా."

సిగ్గుతో చచ్చిపోయా. ఇంతసేపూ సర్టిఫికెట్టు గురించి కూడా లెక్కలేసుకుంటున్న మనిషిని. వెనక్కి పోయి మేనేజరుతో అన్నా, మీరు ఆపకుంటే నేనే నా తప్పు రాసి సంతకం పెట్టి బాయిలర్ ఇన్‌స్పెక్టరుకు పంపిస్తానని. తిట్టుకుంటూనే ఆపించాడు.

బాయిలర్ చల్లారేదాకా నేను ఒకచోట కుదురుగా కూర్చోలేదు. లోహంలో ఏముందో చెప్పే గన్ తెచ్చి ఒక్కో అతుకూ చూశారు. మొదటి ఐదూ నికెలే. ఊపిరి పీల్చుకోబోయా. ఆరో దాంట్లో నికెల్ కొంచెం, ఇనుము ఎక్కువ, అంటే 309. టీ తాగొచ్చి వేసిన అతుకది. మిగతా రెండూ నికెలే.

కోసేసి మళ్లీ వేశా. మస్తానన్న నా వెనకే నిలబడి, రాడ్డు తీసిన ప్రతిసారీ నంబరు పైకి చదవమన్నాడు. చిన్నపిల్లాడిలా చదివా. పనయ్యాక సర్టిఫికెట్టు లాగేసుకున్నారు, మళ్లీ పరీక్షకు వెల్డింగు చేసి తెచ్చుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు కుప్పంలో పని. హోల్డర్లో పెట్టే ముందు ప్రతి రాడ్డు నంబరూ పైకి చదువుతా. పక్కవాళ్లు నవ్వుతారు, నవ్వనీ. పోయిన వారం మస్తానన్న ఫోన్ చేసినప్పుడు వెనకాల బాయిలర్ హోరు వినిపించింది. ఉండప్పా, మంట చూసొస్తా అని ఫోన్ పక్కన పెట్టి పోయాడు. ఆయన తిరిగొచ్చి హలో అనేదాకా నేను ఊపిరి బిగబట్టే ఉన్నా.