మబ్బు లెక్కలోకి రాదు

సూర్యుడికి మబ్బు అడ్డం వస్తే ఏకాంబరం పిడికిలి బిగిస్తాడు. నోట్లోని లెక్క అక్కడే ఆగుతుంది. మబ్బు తొలగితే పిడికిలి విప్పి తర్వాతి అంకె అందుకుంటాడు.

తిరుపతి బస్టాండు వెనక వీధిలో అతనిది స్క్రీన్ ప్రింటింగ్ అంగడి. ఎండ తగిలితే గట్టిపడే మందు పూసిన గుడ్డ చట్రం మీద బొమ్మ పరిచి ఎండ చూపించాలి. మిగతావాళ్లు లైట్ల పెట్టెలకు మారి ఏళ్లయింది. ఏకాంబరం ఎండను వదల్లేదు. ఆ లెక్క కూడా అతన్ని వదల్లేదు.

వయసెంత అంటే, "యాభై రెండు. మబ్బులు తీసేస్తే ముప్పై ఎనిమిది" అంటాడు.

పెండ్లై ఎన్నేండ్లని ఎవరో అడిగారు.

"మబ్బులు తీసేస్తే ఆర్నెల్లు."

"ఆ ఆర్నెల్లూ నేను పుట్టింట్లో ఉండినా" అంది లోపల్నుంచి భార్య నాగులమ్మ.

అక్కడ చట్రాలు కడిగే కృపామణి ఈ మాటలకు నవ్వడం ఎప్పుడో మానేసింది. 1999 ఆగస్టులో ఒకరోజు మాత్రం ఆ పిడికిలిని చూసి పళ్లు కొరికింది.

ఆ ఉదయం పదింటికి ఆమె తల్లి తాయమ్మ బస్టాండులో తప్పిపోయింది. తాయమ్మకు ఇల్లు గుర్తుండదు, ఊరు గుర్తుండదు. నడవడం మాత్రం మరిచిపోదు. కృపామణి దగ్గర ఉన్నది ఒక్క ఫొటో. జెరాక్సు అంగట్లో ఒక్క కాపీ బయటికొచ్చేసరికి కరెంటు పోయింది.

ఏకాంబరం ఆ కాపీ కింద 'ఈ అమ్మ కనబడితే చెప్పండి' అని, అంగడి ఫోన్ నంబరూ రాశాడు. వెలుగు దూరేలా కాగితానికి కొబ్బరినూనె పట్టించాడు. మందు పూసి ఆరబెట్టిన చట్రం ఒక్కటే మిగిలింది. దాన్ని మేడ మీదికి తీసుకుపోయి, కాగితం పరిచి, పైన అద్దం పెట్టాడు. ఎండ తక్కువైతే కడిగినప్పుడు ముఖమంతా నీళ్లలో పోతుంది. ఎక్కువైతే కళ్లూ ముక్కూ పూడిపోతాయి. తొంభై లెక్కపెట్టాలి.

"అరవై... అరవై ఒకటి."

పిడికిలి. అద్దం మీద నల్లగుడ్డ.

"అన్నా, గుడ్డ తీయన్నా! మబ్బులో ఎంతో కొంత వెలుగుండాది గదా!"

"ఆ ఎంతోకొంతను నేను లెక్కపెట్టలేను మణీ."

"మాయమ్మ యాడ నడస్తా ఉండాదో! లారీ కింద పడితే నీ లెక్క లేపతాదా?"

"తిట్టు. మళ్లా అరవై రెండు అని గుర్తు పెట్టుకో."

పావుగంట. కింద వీధిలో బస్సు హారన్ మోగినప్పుడల్లా ఆమె ఉలిక్కిపడింది. ఒక చినుకు పడింది. ఏకాంబరం వంగి వీపును అద్దానికి అడ్డం పెట్టాడు. రెండో చినుకు పడలేదు.

పిడికిలి విడింది.

"ఎంత?"

"అరవై రెండు" అంది ఏడుస్తూ. తొంభై దాకా ఇద్దరూ కలిసే లెక్కపెట్టారు.

నీళ్లు పోస్తే గుడ్డలో ముందు కళ్లు తేలాయి. తర్వాత ముక్కు. చివరికి నొసటి మీద చిన్న మచ్చ.

రెండు వందల కాగితాలు కొట్టారు. కొన్ని గోడలకు, కొన్ని చిత్తూరు బస్సులకు, కొన్ని నాయుడుపేట బస్సులకు. సాయంత్రం అయిదింటికి ఫోన్ మోగింది. పూతలపట్టు నుంచి ఎవరో కండక్టర్.

"మచ్చ సూసి గుర్తుపట్టినానప్పా. మా బస్సులోనే కూర్చోబెట్టినా. చెనక్కాయలు తింటా ఉండాది."

మర్నాడు పొద్దున కృపామణి తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. అంగడి మూసి ఉంది. బస్టాండు గోడ దగ్గర ఏకాంబరం బకెట్టు, గరిటె పట్టుకుని పోస్టర్లు గీకుతున్నాడు. అదే చివరిది.

"నిన్న అంటించినావు, పొద్దున్నే పీకతా ఉండావు. ఏందన్నా ఇది?"

"అమ్మ దినామూ పోయే దారి గదా" అన్నాడు గొంతు తగ్గించి. "గోడ మీద తన ముఖం తానే సూసుకోవాల్నా?"

తడి కాగితాన్ని ముఖం కిందికి వచ్చేలా బకెట్లో ముంచాడు.

తాయమ్మ దగ్గరికొచ్చింది. "నిన్న నేను యాడికో పోయినానంట గదా ఏకాంబరం?"

అతను ఆకాశం వైపు చూడనైనా చూడలేదు. పిడికిలి బిగించాడు.

"నిన్నంతా మబ్బు గదమ్మా. లెక్కలోకి రాదు."